వరమా? విషమా?



‘గిఫ్ట్’ అనే చిన్న మాట ఇప్పుడు మన పల్లెల్లో చంటిపిల్లలకు కూడ తెలుసు. క్రిస్మస్‌కు గిఫ్ట్, పుట్టినరోజుకు గిఫ్ట్, సండేస్కూలులో కంఠత వాక్యము తప్పులేకుండ అప్పజెప్పిన బిడ్డకు గిఫ్ట్. ఇంగ్లీషులో ఈ మాటకు కానుక, బహుమానము, వరము అని అర్థము. అయితే ఇదే మాటను, ఇవే అక్షరములతో ఒక డబ్బా మీద వ్రాసి జర్మనీ దేశస్థుని చేతికిస్తే ఆయన దానిని పిల్లలకు అందకుండ అటక మీద పెడతాడు. ఎందుకంటే జర్మన్ భాషలో గిఫ్ట్ అంటే విషము. మనము ఎలుకల మందు అనేదానిని వారు ‘రాటెన్‌గిఫ్ట్’ అంటారు.

అక్కడనుండి ఇంకా ఉత్తరముగా స్వీడన్, డెన్మార్క్, నార్వే దేశములకు పోతే ఇదే మాటకు రెండర్థములు. ఒకటి విషము, రెండవది ‘పెండ్లియైన’ అని. స్వీడన్‌వారు దీనిని ‘యిఫ్ట్’ అని పలుకుతారు, వ్రాత మాత్రము అదే. “నేను పెండ్లయినవాడను” అని చెప్పడానికీ, సీసా మీద “విషము, జాగ్రత్త” అని వ్రాయడానికీ వారికి ఒకే మాట. దీనిమీద ఆ దేశములలో భార్యాభర్తల హాస్యములు ఎన్నో ఉన్నవి. వాటిని ఇక్కడ వ్రాయను, మన ఇండ్లలో హాస్యము తగవులోనికి దిగడానికి ఎక్కువసేపు పట్టదు.

హాలెండువారు, అనగా ఒకప్పుడు మన మచిలీపట్నములోను భీమునిపట్నములోను వర్తకము చేసిన డచ్చివారు, తెలివిగా మాటను రెండు చేసికొన్నారు. వారికి ‘గిఫ్ట్’ అంటే దానము, చివరి అక్షరము తీసివేసి ‘గిఫ్’ అంటే విషము. ఒక్క అక్షరము రాలిపోతే దానము విషమౌతుంది!

ఒకే మాట ఒక దేశములో వరము, ఒక దేశములో విషము, ఒక దేశములో వివాహము ఎట్లయినది? ఇది పండితుల వినోదము కొరకైన ప్రశ్న అనుకోవద్దు. దీని చివర మన ఇంటి గడపే ఉన్నది. కొంచెము ఓపికతో నాతో రండి.

పోలిక వేరు, రక్తసంబంధము వేరు

వేర్వేరు భాషలలో ఒకే రకముగా వినిపించే మాటలు రెండు విధములు. కొన్ని కేవలము పోలికవల్ల కలిసినవి. ఇంగ్లీషులో ‘బార్న్’ అంటే ధాన్యమో గడ్డియో వేసికొనే కొట్టము. స్వీడిష్ భాషలో ‘బార్న్’ అంటే బిడ్డ. ఇంగ్లీషు మాట ‘బార్లీ ఇల్లు’ అనే పాత మాటలనుండి వచ్చినది, స్వీడిష్ మాట ‘కనుట, మోయుట’ అనే మాటనుండి వచ్చినది. ఈ రెంటికి చుట్టరికము లేదు. అట్లే గ్రీకు దేశములో ‘నే’ అంటే అవును. దాని పొరుగున ఉన్న బల్గేరియాలో ‘నే’ అంటే కాదు. సరిహద్దు దాటితే అవును కాదవుతుంది. ఇదీ వట్టి పోలికే. ఊరికొక సుబ్బారావు ఉన్నంతమాత్రాన వారందరు అన్నదమ్ములు కారు గదా!

గిఫ్ట్ సంగతి అట్లు కాదు. ఈ మాటలన్నీ ఒక తల్లి పిల్లలే. ఆ తల్లి ‘ఇచ్చుట’ అనే క్రియ. ఇంగ్లీషులో ‘గివ్’ అన్నా, జర్మన్‌లో ‘గేబెన్’ అన్నా అదే. గిఫ్ట్ అంటే మొదట ‘ఇచ్చినది’ అని మాత్రమే అర్థము. ఇచ్చినది ఏమిటి, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అనేదానినిబట్టి ఒక్కొక్క దేశములో ఒక్కొక్క అర్థము స్థిరపడినది.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు వట్టి కానుక అనే అర్థము లేదు. పెండ్లికుమార్తె నిమిత్తము వరుడు చెల్లించే ధనమును అట్లు పిలిచేవారు. బహువచనములో పెండ్లి అని అర్థము. 9వ శతాబ్దము నుండి ఉత్తరదేశపు ఓడవారు ఇంగ్లండులో స్థిరపడిన తరువాత, వారి భాష ప్రభావముచేత ఇప్పటి పలుకుబడి, కానుక అనే అర్థము నిలిచినవి.

ఇచ్చినది విషమెట్లయినది?

పాత జర్మన్‌లో కూడ గిఫ్ట్ అంటే ఇచ్చుట అనే అర్థముండేది. దానిలోనికి విషము ఎట్లు వచ్చినదో పండితులు ఇట్లు చెబుతారు. గ్రీకు భాషలో ‘ఇచ్చుట’ను ‘దోసిస్’ అంటారు. వైద్యుడు రోగికిచ్చే మందు మోతాదుకు కూడ అదే మాట. ఇప్పుడు మనము ఆస్పత్రిలో “రెండు డోసులు వేశారు” అంటామే, ఆ డోసు ఈ దోసిసే. ఈ మాట లాటిన్ భాషలోనికి వచ్చినది. జర్మన్‌వారు దానిని తమ భాషలోనికి మార్చుకొని ‘గిఫ్ట్’ అన్నారు. అనగా ఇచ్చిన మోతాదు. చంపడానికి ఇచ్చే మోతాదును కూడ విషమని నోటితో అనలేక ‘ఇచ్చినది’ అని మెత్తగా అన్నారు. కాలము గడిచేకొద్ది మెత్తని మాటే కఠినమైన మాటయై, కానుక అనే అర్థమును బయటికి నెట్టివేసినది. కానుకకు ఇప్పుడు వారు ‘గాబె’ అనీ, ‘గెషెంక్’ అనీ వేరే మాటలు వాడుతారు.

ఇది మనకు వింతగా తోచనక్కరలేదు. మన ‘మందు’ అనే మాటను చూడండి. జ్వరమునకు వేసేది మందు, పత్తి చేనుకు కొట్టేది పురుగుమందు, సారా దుకాణములో దొరికేది మందు, తుపాకిలో కూరేది మందు. “ఆయన మందు తాగాడు” అని ఎవరైనా చెబితే ఏ మందో అడిగేదాకా మన గుండె కొట్టుకొంటూనే ఉంటుంది. రాత్రివేళ పాము అనడానికి భయపడి “పురుగు ముట్టింది” అంటారు పెద్దలు. భయంకరమైనదానికి మెత్తని పేరు పెట్టుట మనుష్యుల వాడుక. అయితే పేరు మెత్తబడినంతమాత్రాన కోర మెత్తబడదు.

16వ శతాబ్దములో పారాసెల్సస్ అనే వైద్యుడు 1538లో జర్మన్ భాషలో ఒక సంగతి వ్రాశాడు. ప్రతి పదార్థములోను విషమున్నది, అది విషము కాకుండ చేసేది మోతాదు మాత్రమే అని ఆయన భావము. ఆయన ఆ సంగతి చెప్పిన చోట గిఫ్ట్ అనే మాట, దోసిస్ అనే మాట రెండూ ఉన్నవి. తల్లి మాట, కూతురు మాట ఒకేచోట కలిసి మనకు బుద్ధి చెబుతున్నట్లున్నది.

ఒకే పత్రికలో రెండు గిఫ్ట్‌లు

ఇప్పుడు మన బైబిలు తెరుద్దాము. రోమీయులకు వ్రాసిన పత్రిక 6:23లో పాపమునకు జీతము మరణమనీ, దేవుడు కృపతో ఇచ్చేది నిత్యజీవమనీ అపొస్తలుడు వ్రాశాడు. ఇక్కడ గ్రీకులో ఉన్న మాట ‘ఖరిస్మా’. కృప అనే మాటనుండి పుట్టినది గనుక మన తెలుగు బైబిలులో ‘కృపావరము’ అని చక్కగా తర్జుమా చేశారు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో ఈ చోట ‘గిఫ్ట్’ అనే ఉన్నది.

అదే పత్రిక 3:13లో మనుష్యుల పెదవుల క్రింద ఉన్న సర్పవిషమును గూర్చి చదువుతాము. మార్టిన్ లూథర్‌గారి జర్మన్ బైబిలు 1545 ముద్రణలో ఈ చోట ‘ఓటర్న్‌గిఫ్ట్’, అనగా పాము గిఫ్ట్, అని ఉన్నది. 6వ అధ్యాయములో ఆయన ‘గాబె’ అనే మాట వాడాడు.

చూశారా! ఒకే పత్రికలో ఇంగ్లీషువానికి గిఫ్ట్ రక్షణను చూపిస్తుంది, జర్మన్‌వానికి గిఫ్ట్ పాము కోరను చూపిస్తుంది. గుంటూరులో 1842లో సువార్త సేవ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్‌గారు జర్మనీలో పుట్టి, చిన్న వయస్సులో అమెరికా చేరినవారు. ఆయనకు తల్లి భాషలో ఈ మాట విషము, పెరిగిన దేశపు భాషలో వరము. ఇట్టి దైవజనులు ప్రతి మాటను తూచి తూచి మాట్లాడవలసివచ్చి ఉంటుంది.

ఇంగ్లీషు బైబిలులో కూడ గిఫ్ట్ అన్ని చోట్లా మంచిది కాదు. నిర్గమకాండము 23:8లో జ్ఞానముగలవారికి సైతము గ్రుడ్డితనము కలిగించేది ఒకటున్నదని మోషే హెచ్చరించాడు. 1611 నాటి ఇంగ్లీషులో దానికి ‘గిఫ్ట్’ అనే వ్రాశారు. మన తెలుగువారు దాని ముసుగు తీసి ‘లంచము’ అని వ్రాశారు. ఈ చోట మన తర్జుమాయే సూటిగా ఉన్నది.

ఇచ్చినది పెండ్లి ఎట్లయినది?

ఇక మూడవ అర్థము. పూర్వము స్వీడన్‌లో కన్యను పెండ్లికి ఇచ్చే అధికారము తండ్రికో, తండ్రి లేకపోతే దగ్గరి బంధువుకో ఉండేది. ఆ పెద్దను ‘యిఫ్టొమాన్’ అనేవారు. 1734 నాటి ఆ దేశపు చట్టసంపుటిలో కూడ ఆ పెద్దకు స్థానమున్నది. కుమార్తె ఇవ్వబడినది గనుక ఆమె ‘గిఫ్ట్’, అనగా పెండ్లియైనది.

మనమూ సరిగ్గా అట్లే మాట్లాడుతాము. “మీ పెద్దమ్మాయిని ఏ ఊరు ఇచ్చారమ్మా?” “తెనాలి ఇచ్చామండి.” ఈ మాటలలో ఇచ్చుట అంటే పెండ్లియే. మన గుడిలో వివాహ క్రమము జరిగేటప్పుడు ఈ కన్యను ఎవరు ఇచ్చుచున్నారని పాస్టరు అడుగుతాడు. తండ్రియో మేనమామయో ముందుకు వచ్చి ఆమె చేయి పట్టి అందిస్తారు. 1662 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకములో ఉన్న పద్ధతి అది, మన సంఘములలోనికి అట్లు వచ్చినది. ఆ క్షణమున ఎంత గట్టివాడైనా తండ్రి కంట నీరు నిలువదు. ఇరవై ఏండ్లు పెంచిన ప్రాణమును అందిస్తున్నాడు. ఇంతకంటె పెద్ద కానుక ఒక మనుష్యుడు మరియొక మనుష్యునికి ఇవ్వగలడా?

సంస్కృతమునుండి మనకు వచ్చిన మాటలలోను ఈ బంధువు ఉన్నది. వరము, వరుడు రెండూ ‘కోరుకొనుట, ఎన్నుకొనుట’ అనే ఒకే ధాతువునుండి వచ్చినవి. వరుడు ఇంటికి వరమై రావలసినవాడు.

కానుకతోబాటు వచ్చిన విషము

ఇక్కడ ఒక జర్మన్ మాట చెప్పక తప్పదు. పెండ్లికుమార్తెతోబాటు పంపే సొమ్మును వారు ‘మిట్‌గిఫ్ట్’ అంటారు. మిట్ అంటే ‘తోబాటు’. తోబాటు ఇచ్చినది అని పాత అర్థము. గిఫ్ట్‌కు కానుక అనే పాత అర్థము ఈ మాటలో ఇంకా బ్రతికి ఉన్నది. కాని ఈనాటి చెవితో వింటే ‘తోబాటు వచ్చిన విషము’ అన్నట్లు వినిపిస్తుంది.

మన ‘కట్నము’ కూడ అటువంటి మాటే. కట్నమంటే మొదట కానుక. పెండ్లి పందిట్లో బంధువులు తమ ఇష్టముకొలది ఇచ్చినదానిని పేరుపేరున చదివేవారు. దానినే “కట్నాలు చదివించుట” అంటాము. పదకొండు రూపాయలు, ఇత్తడి బిందె, ఒక చీర, ఎవరి శక్తి వారిది. ఆ కట్నము చేతులు మారినది. ఇచ్చేవాని ఇష్టముగా ఉన్నది అడిగేవాని హక్కు అయినది. దానికి తోక పెరిగినది: ఆడపడుచు కట్నము, లాంఛనములు, బండి, బంగారము. మెత్తని పేర్లు కూడ పుట్టినవి. “మేము కట్నము అడగమండి, మీ అమ్మాయికి మీరు పెట్టుకొనేదే గదా” అంటారు. పురుగు ముట్టింది అన్నట్లే!

ప్రియులారా, విశ్వాసులమైన మన ఇండ్లలో ఈ విషము లేదని చెప్పగలమా? ప్రధానము నాడు బైబిలు మార్చుకొంటాము, ప్రార్థన చేస్తాము, కీర్తన పాడుతాము. పెరట్లో మంచము మీద కూర్చుని అంకెలు మాట్లాడుకొంటాము. గుడిలో మొదటి పెండ్లి ప్రకటన చదివిన తరువాత మూడవ ప్రకటనలోగా “ఇంకొక లక్ష చూడండి” అని కబురు పంపే కుటుంబములున్నవి. ఆ తండ్రి ఉన్న ఎకరములో సగము అమ్ముతాడు, మిగతా సగము తాకట్టు పెడతాడు. చిన్నకూతురి చదువు ఆగిపోతుంది. అత్తవారింట అడుగుపెట్టిన బిడ్డ, తనను చేసికొన్నందుకు తన తండ్రి అప్పులవాడైనాడని ఎరిగి ఆ అన్నము తినాలి. ఆ ముద్ద ఆమె గొంతు దిగుతుందా?

దేశపు చట్టము కూడ కానుకను, కట్నమును వేరుచేసి చూస్తుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ప్రకారము కట్నము ఇచ్చినా, పుచ్చుకొన్నా నేరమే. 1986 సవరణ తరువాత అయిదేండ్లకు తక్కువ కాని ఖైదు, పదునైదు వేల రూపాయలు లేక ఆ కట్నపు విలువ, ఏది ఎక్కువైతే దానికి తక్కువ కాని జరిమానా అని నియమించారు. అడగకుండ, వాడుక చొప్పున, శక్తికి మించకుండ ఇచ్చే కానుకలను మాత్రము పట్టీ వ్రాసి ఇవ్వవచ్చును. కొలత ఒక్కటే: అడిగారా, అడగలేదా? అడగనిది కానుక, అడిగినది కట్నము.

“ఆడబిడ్డకు ఏమీ ఇవ్వకూడదా?” అని తల్లులు అడుగుతారు. ఇవ్వండమ్మా, తప్పక ఇవ్వండి. కాలేబు తన కుమార్తె అక్సాకు భూమినిచ్చి, ఆమె అడిగినప్పుడు నీటిమడుగులను కూడ ఇచ్చాడు (యెహోషువ 15:16-19). అడిగినది బిడ్డ, ఇచ్చినది తండ్రి, దక్కినది బిడ్డకు. అల్లుడైన ఒత్నీయేలు ఆ మామను చేయి చాచి అడిగినట్లు అక్కడ వ్రాయబడలేదు. మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టములో, వీలునామా లేకుండ తండ్రి చనిపోతే కుమారునికి, కుమార్తెకు సమాన భాగము. ఆ భాగమును ఆమె పేరనే ఇవ్వండి. అది ఆమెకు ఆసరా. పెండ్లి నాడు అడిగినవారి చేతిలో పోసిన డబ్బు ఆమెకు ఆసరా కాదు.

దీనికి ఎదురుగా ఇంకొక కట్నమున్నది. ఐగుప్తు రాజైన ఫరో గెజెరు పట్టణమును కాల్చి, అందలి వారిని చంపి, దానిని సొలొమోను భార్యయైన తన కుమార్తెకు ఇచ్చాడు (1 రాజులు 9:16). ఒక పట్టణమే కట్నము! అయితే రెండు అధ్యాయముల తరువాత సొలొమోను హృదయమును త్రిప్పివేసిన భార్యల సంగతి చెప్పేటప్పుడు మొట్టమొదట ఫరో కుమార్తె పేరే వస్తుంది. కట్నము పెద్దదైనంతమాత్రాన ఇల్లు నిలబడలేదు.

మూడు ప్రశ్నలు

మన చేతిలో ఉన్నది ఏ దేశపు గిఫ్టో తెలిసికొనడానికి మూడు ప్రశ్నలు చాలు. ఇచ్చువాడు సంతోషముగా ఇచ్చుచున్నాడా, బలవంతము మీద ఇచ్చుచున్నాడా? (2 కొరింథీ 9:7 చూడండి.) మోతాదు అతని శక్తిలో ఉన్నదా, అతని వెన్ను విరుస్తున్నదా? చివరికి అది ఎవరికి మేలు చేస్తుంది? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా, పేరు ఏదైనా సరే, అది జర్మన్ గిఫ్టే. సీసా మీద పుర్రె బొమ్మ లేదని త్రాగకండి.

కుమారులున్న తలిదండ్రులకు నా మనవి ముఖ్యముగా ఇది. “మా అబ్బాయికి ఇంత పలుకుతుంది” అని సంతలో ఎద్దును గూర్చి మాట్లాడినట్లు మాట్లాడవద్దు. దేవుడిచ్చిన కుమారుని ధర కట్టవద్దు. యౌవనస్థులారా, ఈ సంగతి పెద్దల మీదికి నెట్టి మీరు ఊరకుండవద్దు. “నాన్నా, నాకు వద్దు” అనే మాట కూడ చిన్నదే. ఆ చిన్న మాట ఒక కుటుంబమును అప్పునుండి కాపాడుతుంది.

గారడీ చేసిన సీమోను దేవుని వరమును డబ్బుతో కొనవచ్చునని తలంచి, పేతురుచేత గద్దింపు పొందాడు (అపొస్తలుల కార్యములు 8:18-20). దేవుని వరము కొనడానికి దొరకదు. మన రక్షణకు తండ్రి మనలను ఏమీ అడగలేదు. అడగకుండ, మన అర్హత చూడకుండ, తన ప్రియకుమారునినే ఇచ్చాడు. ఉచితముగా పొందినవారము, బిడ్డను ఉచితముగా ఇచ్చిన తండ్రి ఎదుట చేయి చాచుట మనకు తగునా?

ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థనలో రోమా 6వ అధ్యాయము చదివి, మీ ఇంట జరగబోయే వివాహమును గూర్చి భార్యాభర్తలు, పిల్లలు కలిసి మాట్లాడుకొనండి. మీ ఇంటికి రాబోయే కోడలు కృపావరముగా అడుగుపెట్టునట్లును, మీ ఇంటనుండి వెళ్ళే బిడ్డ కన్నీరు లేకుండ వెళ్ళునట్లును ప్రభువు మీకు సహాయము చేయును గాక. ఆమేన్.